రుద్రంపేట మిద్దె మీద రెండు కిలోవాట్లు: మా సోలార్ పని డైరీ

జనవరి 4, 2025

గత పన్నెండు నెలల కరెంటు బిల్లులను ఈ సాయంత్రం వంటింటి బల్ల మీద పేర్చి, నెలవారీ వాడకాన్ని పాత లెక్కల నోటుపుస్తకంలోకి ఎక్కించాను. మే నెలలో 420 యూనిట్లు, డిసెంబరులో 215. మిగిలిన నెలలన్నీ ఈ రెండింటి మధ్యనే ఉన్నాయి. సోలార్ పెట్టించుకోవాలన్న మాట మా ఇంట్లో రెండేళ్ళుగా నలుగుతూనే ఉంది కానీ, ఎంత సామర్థ్యం పెట్టాలన్న ప్రశ్న దగ్గరే ఎప్పుడూ ఆగిపోతోంది. పెద్ద తరగతులకు లెక్కలు చెప్పే నేను ఇంటి లెక్క ఒక్కటి వేయలేకపోవడం బాగుండదని మావారు నవ్వుతూ అన్న మాట కూడా ఈ పనికి కొంత కారణం.

మన ఆంధ్రప్రదేశ్‌లో గృహ వినియోగానికి మొదటి 30 యూనిట్లకు యూనిట్టుకు 1.90 రూపాయలు, 31 నుండి 75 వరకు 3.00, 76 నుండి 125 వరకు 4.50, 126 నుండి 225 వరకు 6.00, 226 నుండి 400 వరకు 8.75, ఆపైన 9.75 చొప్పున పడుతుంది. ఈ మెట్ల లెక్కలో 420 యూనిట్లకు వినియోగ చార్జీయే 2,743 రూపాయలు. సోలార్ పలకల నుండి వచ్చే కరెంటు మన వాడకాన్ని పై మెట్టు నుండి కిందికి కోసుకుంటూ వస్తుంది కాబట్టి మొదట తగ్గేవి 9.75, 8.75 రూపాయల యూనిట్లు, చివరికి మిగిలేవి 1.90 రూపాయల యూనిట్లు.

కిలోవాటుకు రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయనుకుంటే రెండు కిలోవాట్లకు నెలకు 240 యూనిట్లు. మే నెల వాడకం 420 నుండి 180కి దిగుతుంది, చార్జీ 2,743 నుండి 747 రూపాయలకు తగ్గుతుంది. మూడో కిలోవాటు కూడా పెడితే వాడకం 60కి, చార్జీ 147కి వస్తుంది. అంటే మొదటి రెండు కిలోవాట్లు కలిసి 1,996 రూపాయలు మిగిలిస్తే మూడోది 600 మాత్రమే మిగిలిస్తుంది. డిసెంబరులోనైతే మొదటి రెండింటికే మా 215 యూనిట్లు తీరిపోతాయి, మూడోదానికి ఇంట్లో పనే ఉండదు. ఈ లెక్కను రెండుసార్లు సరిచూసుకున్నాను.

జనవరి 5

ఆదివారం. పొద్దున తొమ్మిది గంటల నుండి సాయంత్రం నాలుగు వరకు గంటకొకసారి మిద్దె ఎక్కి, నీడ పడినచోటల్లా సుద్దముక్కతో గీత గీసి, గీత పక్కన సమయం వేశాను. డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యుడు దక్షిణానికి బాగా వంగి నడుస్తాడు, నీడలు ఏడాదిలోకెల్లా పొడవుగా ఉండేది అప్పుడే. ఇప్పుడు నీడ తగలని చోటే సోలార్ పలకలకు సరైన చోటు. వేసవిలో చూసి స్థలం నిర్ణయించినవాళ్ళు సంక్రాంతి నాటికి నాలుక కరుచుకుంటారు.

ఇంకో చిన్న విషయం గమనించాను. అనంతపురంలో ఈ రోజుల్లో నీడ అన్నిటికంటే పొట్టిగా ఉండేది గడియారంలో పన్నెండుకు కాదు, దాదాపు 12 గంటల 25 నిమిషాలకు. ఆ సమయంలో దక్షిణం వైపు మీటరు ఎత్తు పిట్టగోడ నీడ ముప్పావు మీటరు పడింది. అది పెద్ద ఇబ్బంది కాదు. అసలు ఇబ్బంది నైరుతిలో ఉంది. వాస్తు ప్రకారం బరువంతా నైరుతిలో ఉండాలని 2011లో ఇల్లు కట్టినప్పుడు మెట్ల గదిని ఆ మూలనే కట్టి, దాని మీద వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు ఎక్కించారు. రెండూ కలిపి 3.8 మీటర్ల ఎత్తు. సాయంత్రం నాలుగింటికి దాని నీడ ఈశాన్యం వైపు ఎనిమిది మీటర్ల పొడవున సాగి మిద్దెను ఐమూలగా కోసేసింది. మా వీధిలో లెక్కపెడితే పదకొండు ఇళ్ళకు ట్యాంకు నైరుతిలోనే ఉంది. అంటే ఈ పదకొండు మిద్దెలకూ చలికాలపు మధ్యాహ్నం ఎండ సగం పోయినట్టే.

నీడ కొంచెమే కదా అనుకోవడానికి వీల్లేదు. పలకలను ఒకదాని తర్వాత ఒకటిగా వరుసలో కలుపుతారు కాబట్టి అన్నిటిలోనూ ఒకే విద్యుత్తు ప్రవహించాలి. నీళ్ళ పైపును ఒకచోట కాలితో తొక్కితే చివర ధార సన్నబడినట్టు, ఒక పలక మీద పడిన నీడ వరుసనంతా కుంగదీస్తుంది. ప్రతి పలక వెనుకా ఉండే బైపాస్ డయోడ్లు ఆ నీడ పడిన భాగాన్ని పక్కకు తప్పించి మిగతాదాన్ని కాపాడతాయి, అయినా ఆ పలకలో మూడో వంతు పోయినట్టే లెక్క.

జనవరి 19

ముగ్గురు అమ్మకందారులు వచ్చి చూసి వెళ్ళారు. వారిలో ఒకరు మిద్దె ఎక్కకుండానే, కరెంటు బిల్లు చూసి 5 కిలోవాట్లు రాసిచ్చారు. "బిల్లు సున్నా అయిపోతుంది మేడమ్" అన్నది ఆయన వాదం. కర్నూలు వైపు గని, శకునాల గ్రామాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కే నడుస్తుంటే మీ ఇంటి మీద 5 కిలోవాట్లు ఒక లెక్కా అని కూడా అన్నారు. ఆ పార్కులో నైరుతి ట్యాంకులు ఉండవని నేను అనలేదు, అనుకున్నాను.

ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. దానికింద మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున, మూడోదానికి 18,000 సబ్సిడీ వస్తుంది. 3 కిలోవాట్లు దాటితే ఎంత పెట్టినా మొత్తం 78,000 దగ్గర ఆగిపోతుంది. మిగతా ఇద్దరిలో మాకు నచ్చినవారు చెప్పిన ధర 2 కిలోవాట్లకు 1,35,000, మూడింటికి 1,92,000. సబ్సిడీ పోగా మొదటి రెండు కిలోవాట్లకు మా చేతి నుండి పడేది 75,000, వాటి మీద ఏడాదికి సుమారు 17,000 మిగులుతుంది. మూడోదానికి అదనంగా పడేది 39,000. వేసవి ఐదు నెలలు నెలకు 600 చొప్పున అది మిగిల్చేది ఏడాదికి మూడు వేలు. మొదటిది నాలుగైదేళ్ళలో తీరే ఖర్చు, రెండోది పదమూడేళ్ళ ఖర్చు. బిల్లును సున్నా చేసుకోవాలన్న మోజులో ఆ చివరి 600 కోసం పెట్టే డబ్బే అన్నిటికంటే ఖరీదైనదని మావారికి నోటుపుస్తకం చూపించి ఒప్పించాను. ఇంటికి రెండో ఏసీయో విద్యుత్ వాహనమో వచ్చే ఆలోచన ఉన్నవారికి ఈ లెక్క పూర్తిగా మారుతుంది. మాకు అలాంటి ఆలోచన లేదు.

ఫిబ్రవరి 2

రెండు కిలోవాట్లకు నాలుగు పలకలు చాలు. ఒక్కొక్కటి 540 వాట్లు, దాదాపు 2.28 మీటర్ల పొడవు, 1.13 మీటర్ల వెడల్పు, 28 కిలోల బరువు. కలిపి పది చదరపు మీటర్ల పైచిలుకు. ఈ మాట విన్న అత్తమ్మ ఉదయం కాఫీ దగ్గరే అభ్యంతరం లేవనెత్తారు.

"మిద్దంతా ఆ అద్దాలు పరిస్తే నా వడియాలు యాడ పెట్టుకోవాల? మిరపకాయలు యాడ ఎండబోసుకోవాల?"

"మిద్దంతా కాదత్తమ్మా, నాలుగు పలకలే."

"నాలుగైనా నలభై అయినా, నడిమిద్దె మీద మోకాలెత్తున పెడితే నేను వంగి పోవాల్నా?"

తగ్గించి మాట్లాడే అలవాటు ఆమెకు లేదు. అయితే ఆ మాట పట్టుకుని పలకలను నేలకు దగ్గరగా కాకుండా ఏడడుగుల పైన నిలబెడితే ఏమవుతుందని లెక్క వేస్తే నాకే ఆశ్చర్యం కలిగింది. ముందు అంచు 2.1 మీటర్ల ఎత్తున ఉంటే పిట్టగోడ నీడ అసలు తగలదు. ట్యాంకు పైకొనకూ పలకకూ మధ్య తేడా 1.7 మీటర్లే కాబట్టి, నాలుగింటికి ఎనిమిది మీటర్లు సాగే నీడ పలకల ఎత్తులో మూడున్నర మీటర్లకే తెగిపోతుంది. తూర్పు పిట్టగోడ వైపుకు జరిపితే నాలుగు పలకలూ ఆ నీడకు దొరకవు. పైగా కింద గాలి ఆడితే పలకలు తక్కువ వేడెక్కుతాయి. ఎత్తైన ఇనుప చట్రానికి అదనంగా 14,000 రూపాయలు అడిగారు. ఇవ్వడానికి ఒప్పుకున్నాం.

వాలు 15 డిగ్రీలు, ముఖం దక్షిణానికి. అనంతపురం అక్షాంశం 14.68 డిగ్రీలు కాబట్టి ఏడాది మొత్తం మీద ఈ వాలు సరిపోతుంది.

ఫిబ్రవరి 10

పథకం జాతీయ పోర్టల్‌లో మీటరు సర్వీసు నంబరుతో దరఖాస్తు పెట్టాం. సర్వీసు మావారి పేరు మీద, బ్యాంకు ఖాతా కూడా ఆయన పేరు మీదే ఉండటం వల్ల చిక్కు రాలేదు. తాతల పేరు మీద మీటరు నడుస్తున్న ఇళ్ళవారు ముందుగా పేరు మార్పించుకోవడం మంచిది. సబ్సిడీకి పలకలే కాదు, వాటి లోపలి సెల్లులు కూడా మన దేశంలో తయారైనవై ఉండాలి. ఒప్పందంలో ఆ మాట రాయించుకున్నాను.

మార్చి 6 నుండి 8 వరకు

మొదటి రోజు చట్రం కాళ్ళు నిలిపారు. స్లాబుకు బోల్టులు దించి, ఒక్కొక్క కాలి చుట్టూ అడుగు చదరంలో కాంక్రీటు దిమ్మె పోసి, దిమ్మెకూ స్లాబుకూ మధ్య సందులో నీరు దిగకుండా రసాయనం పూశారు. బోల్టు కన్నాలు వేసేటప్పుడు నేను దగ్గరే నిలబడ్డాను. వాన తక్కువ జిల్లాయే కావచ్చు, కురిసినరోజు ఒక్క కన్నం చాలు పడకగది పైకప్పు చెమ్మెక్కడానికి.

రెండో రోజు గొడవ జరిగింది. సోలార్‌కు ఎర్తింగు గుంతలు మూడు కావాలి: పలకలూ చట్రం ఉన్న డీసీ కరెంటు వైపుకు ఒకటి, ఆ డీసీని ఇంట్లో వాడే ఏసీ కరెంటుగా మార్చే ఇన్వర్టరూ ఇంటి వైరింగూ ఉన్న వైపుకు ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి. బడి నుండి వచ్చి చూస్తే ఇంటి పక్క సందులో ఒకే గుంత ఉంది, మూడు తీగలూ దానికే కలిపి పైన మట్టి కప్పేశారు. అడిగితే కింద బండ తగిలింది, ఇక దిగదు అన్నారు. ఈ ఊళ్ళో నాలుగడుగులు తవ్వితే బండ తగలడం కొత్త సంగతేమీ కాదు, మా బోరు వేసినప్పుడూ తగిలింది. కానీ పిడుగు కడ్డీ గుండా దిగే విద్యుత్తును ఇన్వర్టర్ తీగకే ముడిపెడితే అది ఇంట్లోకి రావడానికి మనమే దారి వేసినట్టు. మూడు గుంతలకు డబ్బు తీసుకుని ఒకటి తవ్వడం ఇంకో సంగతి. ఆ రాత్రి మావారు ఫోన్‌లో ఎంత సౌమ్యంగా మాట్లాడినా, చివరి వాయిదా డబ్బు గుంతల తర్వాతే అన్న ఒక్క మాటే పనిచేసింది. మూడో రోజు డ్రిల్లింగు యంత్రం తెచ్చి, ఒకదానికొకటి రెండు మీటర్ల ఎడంగా మిగతా రెండూ దింపారు.

ఆ రోజే తీగలు కలపకముందు మల్టీమీటరు పెట్టి చూపించమన్నాను. పలక వెనుక అంటించిన కాగితం మీద 49.6 వోల్టులని ఉంది, నాలుగింటికి 198 రావాలి. మీటరు 184 చూపింది. పలకలు పాడైనవేమోనని క్షణం కంగారుపడ్డాను. కాగితం మీది అంకె 25 డిగ్రీల వేడిమి దగ్గర కొలిచింది, పదకొండు గంటల ఎండలో పలక 50 దాటి ఉంది, వేడి పెరిగేకొద్దీ వోల్టేజి తగ్గుతుందని ఎలక్ట్రీషియన్ అబ్బాయి చెప్పాడు. లెక్క వేస్తే సరిపోయింది. ఆ అబ్బాయి పని తెలిసినవాడు.

మార్చి 9

అన్నీ అమర్చి ఉన్నా, లైను నుండి తీసుకున్న కరెంటునూ లైనుకు ఇచ్చినదాన్నీ విడివిడిగా లెక్కించే నెట్ మీటరు రాలేదు కాబట్టి స్విచ్చు వేయలేదు. ఊరికే ఎండ పోతోంది, పగటిపూట వాడుకోవచ్చు కదా అని పక్కింటివారు సలహా ఇచ్చారు. పాత ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావరకు బయటికి వెళ్ళే కరెంటును కూడా మనం వాడినట్టే లెక్కిస్తాయి. మనం లైనుకు ఇచ్చిన యూనిట్టుకు మనమే డబ్బు కట్టవలసి వస్తుంది. అందుకని ఇన్వర్టర్ పక్కన స్విచ్చు మీద కాగితం అంటించి పెట్టాను.

ఏప్రిల్ 4

ఉగాది వెళ్ళిన ఐదో రోజున నెట్ మీటరు బిగించారు. ఇప్పుడు మీటరులో రెండు అంకెలు మారి మారి కనిపిస్తాయి: లైను నుండి మనం తీసుకున్నది, మనం లైనుకు ఇచ్చినది. 11 గంటల 10 నిమిషాలకు స్విచ్చు వేశాం. ఇన్వర్టర్ దాదాపు నిమిషం పాటు లైనును గమనించి, తర్వాత టక్కుమని ఒక చిన్న శబ్దంతో కలిసింది.

బోరు మోటారునూ బట్టల యంత్రాన్నీ ఇకపై మధ్యాహ్నమే నడపాలా అని మావారు అడిగారు. నెట్ మీటరింగులో నెల చివర తీసుకున్న యూనిట్ల నుండి ఇచ్చిన యూనిట్లను తీసివేస్తారు కాబట్టి పగలు నడిపినా రాత్రి నడిపినా బిల్లులో తేడా రాదు. అత్తమ్మ దినచర్యను కదిలించవలసిన అవసరం లేనందుకు ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం.

ఏప్రిల్ 16

పలకలు 2,160 వాట్లవి. నిప్పులు చెరిగే ఈ మధ్యాహ్నం పన్నెండున్నరకు ఇన్వర్టర్ మీద కనిపించింది 1,680. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువని అందరం అనుకుంటాం. పలకకు కావలసింది వెలుతురే, వేడి దానికి శత్రువు. 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకి మా పలకలు 0.35 శాతం కోల్పోతాయి. 42 డిగ్రీల ఎండలో పలక 68 డిగ్రీల వరకు వేడెక్కిందనుకుంటే 15 శాతం అక్కడే పోయింది. మిగతాది దుమ్ము, తీగలు, ఇన్వర్టర్ పంచుకున్నాయి. ప్రకటన కాగితాల మీద ఉండే 2,160 మా ఊరి ఏప్రిల్‌లో కనిపించే అంకె కాదని తెలిసి ఉంటే చాలు.

ఏప్రిల్ 20

పలకల మీద ఎర్రమట్టి పొర పట్టింది, వేలితో గీస్తే గీత పడుతోంది. మూడు రోజులుగా రోజుకు 9.1 యూనిట్ల దగ్గర ఆగింది. తెల్లవారకముందే, గాజు చల్లగా ఉన్నప్పుడే కడిగాం. మండే గాజు మీద చన్నీళ్ళు పోస్తే పగలవచ్చు. మొదటి పలకకు బోరు నీళ్ళు వాడి తప్పు చేశాను. ఆరేసరికి స్నానాల గది బకెట్టుకు పట్టే తెల్ల చారలే దాని మీదా కనిపించాయి. రెండోసారి మునిసిపల్ కుళాయి నీళ్ళతో, మెత్తని గుడ్డ చుట్టిన పొడవాటి కర్రతో తుడిచాం. సబ్బు వాడలేదు. మర్నాడు 9.9 యూనిట్లు వచ్చాయి. ఇకపై పదిహేను రోజులకొకసారి.

ఏప్రిల్ 24

మధ్యాహ్నం ఒంటిగంటకు కరెంటు పోయింది. మిద్దె మీద ఎండ విరగకాస్తోంది, ఇంట్లో ఫ్యాను ఆగిపోయింది. అత్తమ్మ విసనకర్ర ఊపుకుంటూ నా వైపు చూసిన చూపును రాయడం కష్టం.

"లక్షన్నర పెట్టి ఎండను కొనుక్కొచ్చినారే, ఆ ఎండ యాడికి పాయె?"

పాయింటు లేని ప్రశ్న కాదు. లైనులో కరెంటు లేనప్పుడు ఇలాంటి ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోవాలి. లేకపోతే మా మిద్దె కరెంటు బయటి లైనులోకి వెళ్ళి, అక్కడ స్తంభం ఎక్కి పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. కరెంటు పోయినా నడవాలంటే బ్యాటరీలున్న హైబ్రిడ్ రకం పెట్టించుకోవాలి, దాని ఖర్చూ బ్యాటరీ మార్పిడీ వేరే లెక్క. అమ్మడానికి వచ్చిన ముగ్గురిలో ఒక్కరూ ఈ మాట తమంతట తాము చెప్పలేదు. మా పాత బ్యాటరీ ఇన్వర్టర్‌ను అమ్మేయాలన్న మావారి ఆలోచన ఈ మధ్యాహ్నంతో ఆగిపోయింది. దాన్ని రెండు ఫ్యాన్లకూ నాలుగు లైట్లకూ అలాగే ఉంచుతున్నాం.

మే 4

మొదటి పూర్తి నెల బిల్లు వచ్చింది. పలకలు ఇచ్చినవి 286 యూనిట్లు. అందులో ఇంట్లో అప్పటికప్పుడు వాడుకున్నవి 154, లైనుకు వెళ్ళినవి 132. లైను నుండి తీసుకున్నవి 271. తీసివేయగా బిల్లు పడింది 139 యూనిట్లకు, వినియోగ చార్జీ 501 రూపాయలు. సోలార్ లేకపోతే ఇదే 425 యూనిట్ల వాడకానికి 2,792 పడేది. ఫిక్స్‌డ్ చార్జీలూ సర్దుబాట్లూ పైన ఉంటాయి, అవి సోలార్‌తో మాయం కావు. జనవరిలో నెలకు 240 యూనిట్లని వేసిన అంచనా కంటే ఎక్కువ వచ్చినా, ఇది ఏడాదిలో మంచి నెల కాబట్టి దీన్ని పన్నెండుతో గుణించలేదు. సబ్సిడీ 60,000 ఇదే నెలలో ఖాతాలో పడింది.

జులై 6

ఆషాఢం గాలి పదిరోజులుగా ఇల్లు ఊపేస్తోంది. రోజంతా మబ్బు కమ్ముకున్నప్పుడు నాలుగున్నర యూనిట్లు, తెరిపిచ్చిన రోజు ఎనిమిది వస్తున్నాయి. మబ్బు తప్పుకున్న మరుక్షణం చల్లగా ఉన్న పలకలు 1,950 వాట్లు చూపించాయి, ఏప్రిల్ ఎండలో ఒక్కసారీ చూడని అంకె.

గాలికి చట్రం నుండి సన్నని మోత వినిపిస్తుంటే మేస్త్రీని పిలిపించి బోల్టులన్నీ పానాతో చూపించాం. పదహారింటిలో రెండు పావు తిప్పు వదులయ్యాయి. ఐదేళ్ళ నిర్వహణ ఒప్పందంలో ఈ పని ఉందని గుర్తుచేయడంతో డబ్బు అడగలేదు. చట్రం కాలికి అత్తమ్మ కట్టిన బట్టల తాడు కూడా ఆ రోజే విప్పించాం. చట్రం కింద నీడలో ఆమె ఇప్పుడు పీట వేసుకుని కూర్చుని, వడియాల పిండి అక్కడే కలిపి, ఎండపడే పడమటి సగంలో పెడుతున్నారు. ఆ చట్రం కిందికి వచ్చే పడకగది పైకప్పు సాయంత్రం పూట మునుపటంత సెగ కొట్టడం లేదు.

కొత్త అతిథులు మాత్రం దిగారు. పలకల అడుగున, తీగలు కట్టిన మూలలో పావురాలు పుల్లలు చేరవేస్తున్నాయి. గుడ్లు పెట్టకముందే నాలుగు వైపులా వల బిగించాలి. తుప్పు పట్టని వల పాతూరు బజారులో చెప్పి వచ్చాను, వచ్చే ఆదివారం ఆ పని.